శుక్రవారం కొత్త రికార్డులు

మొన్న శుక్రవారం ఆఫీసులో తప్పించుకోలేని మీటింగ్ ఒకటి పడి, ఇంటి నుంచి పని చేసుకోవలసిన రోజున కూడా పొద్దున్నే నేపర్‌విల్ స్టేషన్‌లో రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కాఫీ ఫ్లాస్కు మూత తీసి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఇంగ్లండ్‌లో ఆ వారం విడుదలైన కొత్త రికార్డుల జాబితా చూసుకుంటున్నాను. పక్కన కూర్చున్న అమ్మాయి రెండు మూడుసార్లు నా ఫోన్ వంక చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది. "ఆంటీ, సారీ, మీ స్క్రీన్ కనబడింది. మీరు యూకేజీ వింటారా?" మన పిల్లే. ఎమ్మెస్ చదువుతోందట, హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాది అయిందట. యూకేజీ అంటే నా తరం వాళ్ళకి ఎల్‌కేజీ తర్వాత, ఒకటో తరగతికి ముందు వచ్చేది. ఈ అమ్మాయి అడిగింది యూకే గరాజ్ గురించి. ముప్పై ఏళ్ళ కిందట లండన్‌లో పుట్టి, ఇప్పటికీ అక్కడి పిల్లలు పడగ్గదుల్లో కంప్యూటర్ల మీద తయారుచేసి, వందో రెండొందలో కాపీలు మాత్రం వేసి అమ్ముకునే ఒక రకం డాన్స్ సంగీతం అది. "వింటానమ్మా, ప్రతి శుక్రవారం" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళు ఇంతలయ్యాయి. "ఎట్లా అలవాటైంది ఆంటీ మీకు?" అంది. చెబుదామని నోరు తెరిచేసరికి పిల్ల దిగే స్టేషన్ వచ్చేసింది. ఆ అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని, బై చెప్పి, జనంలో కలిసిపోయింది. జవాబు నా దగ్గరే ఉండిపోయింది. రైల్లో అయితే రెండు ముక్కల్లో తేల్చేసేదాన్నేమో. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

నాకు ఈ సంగీతం అలవాటు చేసింది మా వదిన. అంటే మా ఆయనకు అక్క. కాకినాడ మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో గుర్తొచ్చి నవ్వబోతున్నట్టు ఉండే ముఖం. పెళ్ళయిన కొత్తలో నాకు అత్తగారి కంటే ఆవిడంటేనే ఎక్కువ బెదురుగా ఉండేది. ఎందుకంటే ఆవిడ అప్పుడు లండన్‌లో ఉండేది, ఫోన్ చేసినప్పుడల్లా ప్రతి వాక్యం చివరా 'ఇన్నిట్' అనేది. మనం 'కదా' అన్నట్టు అక్కడి వాళ్ళు అలా అంటారని నాకు తెలియక, ఏదో తప్పు పట్టుకుని నిలదీస్తోందనుకునేదాన్ని. "పిల్ల పాలు తాగుతోంది, ఇన్నిట్?" అంటే నాకు చెమటలు పట్టేవి. ఆవిడ భర్త డాక్టరు. నేను అన్నయ్యగారు అనేదాన్ని. పై చదువుల పరీక్షలు రాయడానికి ఆయన లండన్ వెళ్ళారు, ఆయనతోపాటు ఆవిడ వెళ్ళింది. ఆయన ఆస్పత్రి డ్యూటీలూ చదువూ అంటూ ఇంటిపట్టున ఉండేవారు కాదు. ఆవిడ ఊరికే కూర్చోలేక, తూర్పు లండన్‌లో ఒక గుజరాతీ కుటుంబం నడిపే పచారీ కొట్లో కౌంటర్ దగ్గర పనికి కుదిరింది.

ఆ కొట్టుకి పక్క గోడ అవతల ఒక రికార్డుల షాపు ఉండేదట. మధ్యాహ్నం కాగానే అక్కడ పాటలు మొదలయ్యేవి, ఇక్కడ బీన్స్ డబ్బాలు అరల మీద అంగుళం అంగుళం జరిగేవి. ఒకరోజు టమాటా సాస్ సీసా ఒకటి జరిగి జరిగి కింద పడి పగిలింది. గుజరాతీ ఆవిడ మా వదినను పోట్లాడి రమ్మని పంపింది. మా వదిన కొంగు బిగించి వెళ్ళింది. ఆ షాపాయన జమైకా నుంచి చిన్నప్పుడే వచ్చిన నడివయసు మనిషి. ఈవిడ చెప్పిందంతా శ్రద్ధగా విని, "అక్కా, ఒక్క నిమిషం ఇక్కడ నుంచో" అని స్పీకరు ముందు నిలబెట్టి, అప్పుడే వచ్చిన కొత్త రికార్డు ఒకటి పెట్టాడట. "ఏం చెప్పమంటావే అమ్మాయ్" అని వదిన ఈ కథ చెప్పినప్పుడల్లా అక్కడ ఆగేది. "పైన ఎవరో చకచకా నడుస్తున్నట్టుంది. నాలుగడుగులు వెయ్యాల్సిన చోట రెండు మింగేసి నడుస్తున్నారు. కిందేమో, మృదంగం ఎడం వైపు అరచేత్తో రుద్దితే గుమ్‌మ్ అని జారుతుంది చూడు, అది. చెవిలోంచి కాదు, పొట్టలోంచి వచ్చింది. పోట్లాటకి వెళ్ళి రికార్డు కొనుక్కొచ్చా." ఆ తర్వాత శుక్రవారం వచ్చే కొత్త సరుకంతా ముందు ఆవిడ చేతికే వచ్చేది. పేరు కూడా అచ్చు వేయని తెల్ల అట్టల్లో, మధ్యలో రబ్బరు స్టాంపు గుద్దిన రికార్డులు. ఆదివారాలు ఆ షాపులో నిలబడి, వచ్చినవాళ్ళకి ఏది బాగుందో చెప్పేదట. చీర కట్టుకుని, మీద స్వెట్టరు వేసుకుని.

అన్నయ్యగారికి ఇక్కడ అమెరికాలో ఆస్పత్రిలో అవకాశం వచ్చి వాళ్ళు మా పక్క ఊరు అరోరాలో ఇల్లు తీసుకునేసరికి మేము అప్పటికే నేపర్‌విల్‌లో ఉన్నాం. సామాను దింపడానికి వెళ్ళి చూస్తే, వంటింటి సామాను రెండు పెట్టెలు, రికార్డులు పదకొండు పెట్టెలు. వదిన వాటిని బేస్‌మెంట్‌లో పెట్టించింది. మూతపడిన స్కేటింగ్ రింక్ ఒకటి సామాన్లు అమ్మేస్తుంటే వెళ్ళి, మనిషెత్తు స్పీకర్లు రెండు కొనుక్కొచ్చింది. ఆ బేస్‌మెంట్ వాసన నాకింకా ముక్కులో ఉంది: తడి కార్పెట్, పాత అట్టలు, మెట్ల పక్క అరలో దాచిన ఆవకాయ. ఆ జాడీలు కూడా లండన్ బీన్స్ డబ్బాల్లాగే నడవడం మొదలుపెడితే అన్నయ్యగారు వాటన్నిటినీ కలిపి ఒక తువ్వాలుతో కట్టేశారు. ఆయన చేసిన ఫిర్యాదు అదొక్కటే. మాటల్లో మాత్రం దాన్ని 'కారు షెడ్డు సంగీతం' అనేవారు. ఊళ్ళో మనవాళ్ళకి అసలు గరాజ్ అన్న మాటతోనే చిక్కు వచ్చింది. గుడిలో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "మీ వదిన గరాజ్ల పాటలు పెట్టుకుంటదంట గదా, పాపం, బేస్‌మెంట్ ఫినిష్ చేయించుకోలేదా?" అని నిజమైన జాలితో అడిగింది. వదినకి చెబితే పడీ పడీ నవ్వింది. నేను మాత్రం ఆ రోజుల్లో ఆవిడ పక్షాన నవ్వలేకపోయాను. చిన్నప్పుడు ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నదాన్ని. ఆ దడదడలో రాగం ఎక్కడుందో నాకు దొరికేది కాదు. వాళ్ళింటికి వెళితే వంటింట్లోనే ఉండిపోయేదాన్ని.

అలా పదేళ్ళ పైన గడిచాక, వదినకి ఏదో అయిందని నాకు మొదట తెలిసింది కుక్కర్ వల్ల. కుక్కర్ విజిల్ వేస్తోంది, నాలుగు, అయిదు, ఆరు. ఆవిడ స్టవ్ పక్కనే నిలబడి బీరకాయ తొక్కు తీస్తోంది. "వదినా, కుక్కరూ" అని నేను అరిస్తే ఉలిక్కిపడింది. తర్వాత మైక్రోవేవ్ కూత, పక్షుల అరుపు, పిల్లల మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. గుడిలో పలకరిస్తే పలకదని, డాక్టరుగారి భార్యకి గర్వం ఎక్కువైందని అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. చివరికి చెవి పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. అక్కడ ఒక కాగితం మీద గీత గీసి చూపించారు. ఎడమ వైపు పైన మొదలై, కుడి వైపుకి వచ్చేసరికి ఘాట్ రోడ్డులా కిందికి దిగిపోయింది. మంద్రంగా ఉండే ధ్వనులు బాగానే వినబడుతున్నాయి, సన్ననివన్నీ పోతున్నాయి, ఇంకా పోతాయి. మాటల్లో అచ్చులు మిగులుతాయి, హల్లులు పోతాయి అన్నమాట. అప్పుడే తెలిసింది, ఆవిడకి ఎడమ చెవి చిన్నప్పుడు చీముపట్టి ఎప్పుడో పోయిందని. ఇన్నాళ్ళూ అన్నీ కుడి చెవితోనే. "మరి ఇన్ని రికార్డులు ఒక్క చెవితోనే విన్నారా?" అన్నాను ఇంటికొస్తూ. "లండన్ క్లబ్బులన్నీ మోనోయే, అమ్మాయ్, అన్ని స్పీకర్లలోనూ ఒకటే చప్పుడు" అంది. "రెండు చెవులున్నవాళ్ళకి అక్కడ ఎక్కువేం రాదు."

చెవికి మిషన్ పెట్టుకుంది. కొంత కాలం కొంత మేలు చేసింది. తర్వాత అదీ చాలలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏదో పచ్చడి ఇవ్వడానికి వెళ్ళాను. ఆవిడ బేస్‌మెంట్‌లో స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "సరిగ్గా వచ్చావ్. ఇది బ్రిస్టల్ నుంచి ఇవాళే వచ్చింది. కింద అంతా వినబడుతోంది నాకు. పైన ఏం జరుగుతోందో చెప్పు" అంది. పైన అంటే డ్రమ్ముల్లో ఆ సన్నని తాళాల చప్పుడు. ఈ సంగీతానికి నడక వచ్చేది అందులోనే. అది లేకపోతే మిగిలేది గుండె చప్పుడే. "పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టుంది" అన్నాను. వదిన కళ్ళు తెరిచి, చాలా గంభీరంగా, "ఆవాలా? జీలకర్రా?" అంది. మళ్ళీ విన్నాను. ఆవాలు ఒక్కొక్కటే పేలతాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది. జీలకర్ర బుసబుసమంటూ అంతా ఒకేసారి. "ఆవాలే. కానీ ప్రతి నాలుగోదీ కొంచెం ఆలస్యంగా పేలుతోంది" అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అదే! ఆ ఆలస్యమే! ఆ ఆలస్యం కోసమే కదే కొనుక్కునేది."

అలా మొదలైంది. ప్రతి శుక్రవారం మూడింటికల్లా కంప్యూటర్ మూసేసి, పదిహేను నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్ళేదాన్ని. ఆవిడ లిస్టు రాసుకుని సిద్ధంగా ఉండేది. కొన్ని ఫోన్‌లోంచి, కొన్ని పోస్టులో వచ్చిన రికార్డులు. నేను పై సంగతులు చెప్పేదాన్ని, ఆవిడ కింది సంగతులు, అంటే బేస్ అనే ఆ మంద్ర ధ్వని సంగతులు, చెప్పేది. ఇద్దరం కలిపి ఒక పాట వినేవాళ్ళం. ఒకదానిలో ఎవరో అమ్మాయి గొంతుని ముక్కలు ముక్కలుగా తరిగి మళ్ళీ అతికించారు. ఏ మాటా పూర్తవదు. "ఏడుస్తోందా, పిలుస్తోందా?" అని వదిన అడిగితే ఆ పాట ఏడుసార్లు విని, "పిలుస్తోంది, కానీ తలుపు అవతలి నుంచి" అన్నాను. ఇంకొకదానిలో మొదటి నిమిషమంతా వాన, దూరంగా ఒక బస్సు బ్రేకు. ఆ తర్వాత నేల అదిరింది. వయొలిన్ మీద ఆరేళ్ళలో నేర్చుకోనిది ఆ బేస్‌మెంట్‌లో నేర్చుకున్నాను: ఏది పెడుతున్నారు అన్నదే కాదు, ఏది పెట్టకుండా వదిలేస్తున్నారు అన్నది కూడా సంగీతమేనని. వదిన ఆ కుర్ర సంగీతకారులకి ఉత్తరాలు కూడా రాసేది. పొగడ్తలు ఉండేవి కావు. 'మీ రెండో పాటలో బేస్ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా దిగింది, దాన్ని సరిచెయ్యకండి' ఇలా. లీడ్స్‌లో ఉండే ఒకమ్మాయి మాత్రం ప్రతి ఉత్తరానికీ జవాబు రాసేది. మా వదిన ఏదో పెద్ద రేడియోలో పనిచేసి రిటైరైన మనిషి అని ఆ అమ్మాయి చాలా కాలం అనుకుందట.

ఇంతలో అన్నయ్యగారికి పార్కిన్సన్స్ అని తేలింది. డాక్టరు కాబట్టి ముందుగా తనకే తెలిసి ఉంటుంది, మాకెవ్వరికీ చెప్పలేదు. నడక నెమ్మదించింది, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమైంది. అన్నిటికంటే వింతగా ఆయన గొంతు తగ్గిపోసాగింది. ఆయనకు తను మామూలుగానే మాట్లాడుతున్నట్టు అనిపించేది. బయటికి మాత్రం గుసగుసలా వచ్చేది. ముఖం కూడా బిగుసుకుని, పెదవుల కదలిక తగ్గింది. అప్పటిదాకా వదిన ఆయన పెదవులు చూసి నెట్టుకొస్తోంది. ఇప్పుడు అదీ లేకుండా పోయింది. అదే ఏడాది చెవి డాక్టరు ఆపరేషన్ గురించి చెప్పాడు. చెవి లోపల ఒక తీగ పెడతారు, అది శబ్దాన్ని కరెంటుగా మార్చి నరానికి అందిస్తుంది. మాటలు మళ్ళీ వస్తాయి. ఎన్నో ఏళ్ళుగా చచ్చుబడిన ఎడమ చెవికి పెడితే లాభం తక్కువ, కుడి చెవికే పెట్టాలి. అయితే ఇప్పుడు మిగిలి ఉన్న ఆ మంద్ర వినికిడి ఆపరేషన్‌లో పోయినా పోవచ్చు. చెవి డాక్టరు చెబుతుంటే అదంతా వదిన కోసం నోట్‌బుక్‌లో తెలుగులో రాసి చూపించడం నా పని. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. డాక్టరు 'పోవచ్చు' అన్నాడు. నేను 'బేస్ పోతుంది' అని పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాను. 'మాటలు వినబడతాయి' అన్నది పక్కన చిన్నగా రాశాను. అబద్ధం రాశానని అప్పుడు అనుకోలేదు. ఆవిడ నష్టపోకూడదనే అనుకున్నాను. నిజానికి నాకు నా శుక్రవారాలు పోతాయని భయం వేసింది. వదిన ఆ కాగితం చాలాసేపు చూసి, డాక్టరుకి "నో, థాంక్యూ" చెప్పి లేచింది.

ఏడాది అలాగే గడిచింది. ఒక ఆదివారం పొద్దున వాళ్ళింట్లో టిఫిన్‌కి ఉన్నాను. పెసరట్లు. అన్నయ్యగారు ఫోర్కు కింద పెట్టి, వదిన వైపు తిరిగి, "నేను చెప్పేది నీకు వినబడుతోందా?" అని అడిగారు. పక్కన కూర్చున్న నాకే సగం వినబడింది. వదిన చట్నీ గిన్నె ఇటు జరుపుతూ, "ఆఁ, ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నానికి తీస్తాలెండి" అంది. నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వబోయారు. బిగుసుకున్న ఆ ముఖం మీద నవ్వు పూర్తిగా రాలేదు. తర్వాత ఆయన తన చెయ్యి వంక చూసుకుంటూ కూర్చున్నారు. మళ్ళీ అడగలేదు. టిఫిన్ అయ్యాక వదినా నేనూ కూరగాయలకి బయల్దేరాం. కార్లో చెప్పాలా వద్దా అని చాలా తన్నుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నోట్‌బుక్ తీసి, ఆయన అడిగిందేమిటో, ఆవిడ చెప్పిందేమిటో రాసి చూపించాను. ఆవిడ చదివింది. పచ్చ లైటు పడింది, వెనక వాళ్ళు హారన్ కొట్టారు, నేను కారు కదిలించాను. కొట్టు ముందు పార్క్ చేశాక, "ఎన్నాళ్ళనుంచి అలా అడుగుతున్నారు?" అంది. నాకు తెలియదన్నాను. "నేను ఎన్నిసార్లు ఫ్రిజ్‌లో పెట్టానన్నానో" అని, సీటు బెల్టు తీసేసి, "బేస్ నేను పాతికేళ్ళు విన్నానే అమ్మాయ్. ఈయన్నే సరిగ్గా వినలేదు. అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యి" అంది.

ఆపరేషన్‌కి ముందు శుక్రవారం వచ్చింది. వదిన లీడ్స్ అమ్మాయికి సంగతి రాసి ఉంది, పెద్దగా ఏడుపు మాటలేమీ లేకుండా, 'వచ్చే వారం నుంచి నీ బేస్ గురించి నేను అభిప్రాయం చెప్పలేను' అని. ఆ అమ్మాయి ఇంకా ఎవరికీ వినిపించని పాట ఒకటి పంపింది. 'రిలీజ్‌కి చాలా టైముంది. మీరు ముందు వినాలి' అని రాసింది. అది పెట్టే వేళకి మెట్ల మీద చప్పుడైంది. అన్నయ్యగారు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి దిగుతున్నారు. ఏళ్ళ తరబడి ఆయన ఆ మెట్లు దిగింది ఆవకాయ కోసమే. నేను లేవబోతే చేత్తో వారించారు. వచ్చి పాత సోఫాలో కూర్చున్నారు. వదిన ఆయన్ని చూసి, కుర్చీని స్పీకరు దగ్గరికి లాక్కుని పాట మొదలుపెట్టింది. ఆ పాటలో పైన దాదాపు ఏమీ లేదు. నేను చెప్పవలసిందేమీ లేకుండానే ఆ అమ్మాయి తయారుచేసినట్టుంది. కింద మాత్రం నీళ్ళు నిండిన పెద్ద గంగాళాన్ని ఎవరో నేల మీద మెల్లగా తిప్పుతున్నట్టు, తిప్పుతూ తిప్పుతూ మన కాళ్ళ కిందికి తెచ్చినట్టు. వదిన మూడుసార్లు వింది. మూడోసారి అయ్యాక తనే లేచి ఆంప్లిఫయర్ ఆపేసి, దాని మీద గుడ్డ కప్పింది. అన్నయ్యగారు ఏదో అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. "బాగుంది అంటున్నారు" అన్నాను. నిజానికి ఆయన అన్నది "ఆపరేషన్ వద్దనుకుంటే మానెయ్ అని చెప్పు" అని. ఆ మాట నేను ఆవిడకి అందించలేదు. ఈసారి నా చేత తప్పు చెప్పించింది భయం కాదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నెల తర్వాత దాన్ని ఆన్ చేశారు. అందరూ అనుకున్నట్టు ఆ క్షణాన ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. ముఖం చిట్లించి, "అందరూ బాతుల్లా మాట్లాడుతున్నారేమిటి?" అంది. స్టేషన్ సరిగ్గా తగలని ట్రాన్సిస్టర్‌లా ఉందట ప్రపంచం. రోజూ ఎవరైనా చదువుతుంటే వినాలి, విన్నది తిరిగి చెప్పాలి, అప్పుడే మెదడు నేర్చుకుంటుందన్నారు. అన్నయ్యగారి గొంతుకి కసరత్తు నేర్పడానికి వచ్చే ఆవిడ కూడా అంతకుముందే ఒక పని చెప్పి ఉంది: రోజూ అరగంట గట్టిగా, వీలైనంత గట్టిగా, పైకి చదవాలని. ఆయన సిగ్గుపడి మానేశారు. ఇప్పుడు ఇద్దరి వైద్యమూ ఒకటే అయింది. పొద్దున కాఫీ అయ్యాక ఆయన కాకినాడ నుంచి ఎవరో తెచ్చిన పాత వారపత్రికలు తీసి గట్టిగా చదివేవారు, ఆవిడ వాక్యం వాక్యం తిరిగి చెప్పేది. 'దొండకాయ వేపుడు' అని ఆయన చదివితే 'కొండగాలి వేడి' అని ఈవిడ చెప్పేది. ఆయన మళ్ళీ చదివేవారు, ఇంకా గట్టిగా. వీధిలో కుక్కను తిప్పుకుంటూ వెళ్ళే అమెరికన్ ఆయన ఒకరోజు ఆగి, లోపల అంతా బాగానే ఉందా అని నన్నడిగాడు. వంటలు, రాశిఫలాలు, ఎప్పుడో ముగిసిపోయిన సీరియళ్ళు, అన్నీ చదివారు. మూడో నెలలో ఒకరోజు ఆయన పత్రిక పక్కన పెట్టి మామూలు గొంతుతో, "కాఫీలో పంచదార ఎక్కువవుతోంది" అన్నారు. వదిన ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. చెప్పాక ఆగి, "ఇది పేపర్లో లేదు కదా?" అంది. "లేదు. ఎన్నాళ్ళనుంచో చెబుతున్నాను" అన్నారాయన.

బేస్ పోయింది. డాక్టరు 'పోవచ్చు' అన్నది పూర్తిగా పోయింది. కానీ మేమెవరమూ ఊహించనిది ఒకటి జరిగింది. కొన్నాళ్ళకి ఒక శుక్రవారం నన్ను పిలిచి, కొత్త రికార్డు పెట్టమంది. రాగం ఏదీ తెలియడం లేదట, పాడే అమ్మాయి గొంతు రేకు మీద గీరినట్టుందట. తాళం మాత్రం, ఆ పైన సన్నటి నడక మాత్రం, ప్రతి దెబ్బా విడివిడిగా తెలుస్తోందట. "అమ్మాయ్, ఆవాలు వినబడుతున్నాయే! ఇప్పుడు నువ్వు కింద ఏం జరుగుతోందో చెప్పు" అంది. నేను స్పీకరు మీద చెయ్యి ఆనించి, నాకొచ్చిన మాటల్లో చెప్పసాగాను. గంగాళం అన్నాను, బావిలో పడ్డ బిందె అన్నాను. ఆవిడ తల ఊపుతూ వింది. ఆ రోజే ధైర్యం చేసి నోట్‌బుక్ సంగతి ఒప్పుకున్నాను. 'పోవచ్చు' అన్నదాన్ని 'పోతుంది' అని రాసినందువల్ల ఆవిడకి ఒక ఏడాది పోయింది, అన్నయ్యగారి గొంతు ఇంకా మెరుగ్గా ఉన్న ఏడాది. వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. "నాకు తెలుసులేవే. ఆ డాక్టరు మూతి నేనూ చూశాను. ఇంగ్లీషులో 'మే' అన్నాడు, పోవచ్చనే. నువ్వు రెండు గీతలు గీశావు. నాక్కూడా ఆ గీతలే కావాల్సొచ్చాయి, ఇన్నిట్?" అంది. అంతకుమించి ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

అన్నయ్యగారు ఆ తర్వాత మాకు ఎక్కువ కాలం దక్కలేదు. న్యుమోనియా వచ్చి వారంలో పోయారు. అరోరా ఇల్లు అమ్మేసి వదిన శాంటా క్లారాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడి అపార్ట్‌మెంట్‌లో రికార్డులకి చోటు లేదు, స్పీకర్లు పెట్టనివ్వరు. సగం పెట్టెలు నా బేస్‌మెంట్‌లోకి వచ్చాయి, సగం ఎవరెవరికో ఇచ్చేసింది. శుక్రవారం సాయంత్రాలు వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. నేను విన్నది చెబుతాను. ఒక్కోసారి పాటల సంగతి పూర్తవకుండానే ఆవిడ ఆయన సంగతి ఎత్తుతుంది. గట్టిగా చదివే ఆ పొద్దుటి పూటల్లో పత్రికలు అయిపోయాక ఆయన వేరే మాటలు మొదలుపెట్టేవారట. లండన్‌లో తను పరీక్ష తప్పింది రెండుసార్లు కాదు, మూడుసార్లని అప్పుడు చెప్పారట. మూడోసారి తప్పాక, డ్యూటీ ఉందని ఇంట్లో చెప్పి, మూడు వారాలు కాలవ గట్టున ఊరికే నడిచేవారట. "నాకెందుకు చెప్పలేదండీ?" అంటే, "అప్పుడు నువ్వు సంతోషంగా ఉండేదానివి. నా మాట తెచ్చి అందులో వెయ్యబుద్ధి కాలేదు" అన్నారట. చెప్పి, ఆయన వెంటనే ఆ నెల రాశిఫలాలు తీసి చదవడం మొదలుపెట్టారట, ఇంకా గట్టిగా.

చెవిలో ఆ తీగ పని చేయడం మొదలైన రోజు నుంచి ఆయన పోయిన రోజు వరకు పద్నాలుగు నెలలు. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే రెండు వేసవులూ ఒక చలికాలమూ, అంతే. అయినా వాళ్ళిద్దరినీ తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ ముప్పై ఏళ్ళ పైబడిన కాపురం కంటే ఈ పద్నాలుగు నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. అవి ఎంత కాలమో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.